తంపరవలసకు విమానం

తంపరవలసకు పడమట ఉన్న బీడు సర్కారుది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు గానీ, సర్కారుకు గుర్తున్నట్టు ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు. గట్టి నేల. నాగలి దిగదు, గడ్డి మాత్రం మొలుస్తుంది. పశువులు మేస్తాయి, గోగునార ఆరబెట్టుకుంటారు, సెలవు రోజుల్లో కుర్రాళ్ళు క్రికెట్ ఆడతారు. ఎన్నికలప్పుడు ఎవరో ఒకరు వచ్చి అక్కడ ఏదో ఒక ఫ్యాక్టరీ పెట్టిస్తానని చెప్పి, కొబ్బరిబొండం తాగి పోతుంటారు. ఊరు మర్యాదగా విని, బొండం డొక్కలు ఏరి పొయ్యిలోకి ఆరబెట్టుకుంటుంది. అలాంటి బీడు మీద ఒక వేసవిలో సర్కారు చూపు నిజంగానే పడింది.

వచ్చేది పెద్ద విమానాశ్రయమేమీ కాదు. విమానం నడపడం నేర్పే బడి, దానికో చిన్న రన్‌వే, పక్కనే తుఫాన్లప్పుడు పనికొచ్చేలా హెలికాప్టరు దిగే చోటు. రెవెన్యూ శాఖ ఆ బీడును పంచాయతీకి బదలాయిస్తుంది, పంచాయతీ దాన్ని బడి వాళ్ళకు లీజుకిస్తుంది. లీజు సొమ్ము ఊరిది, ఉద్యోగాల్లో కొన్ని ఊరివాళ్ళవి. ఈ మాట చెప్పడానికి ఎమ్మార్వో హరిచరణ్ స్వయంగా వచ్చాడు. మండలానికి కొత్త మనిషి. శ్రీకూర్మంలో తరతరాలుగా స్వామి ముందు పాడే ఇంట్లో పుట్టినవాడు కావడం వల్ల, సర్వే నంబర్లు చదివినా కీర్తన ఎత్తుకున్నట్టే ఉంటుంది. ఊరు చెవులప్పగించి విన్నది.

అందరికంటే శ్రద్ధగా విన్నది సర్పంచ్ రేఖ.

రేఖ ఎచ్చెర్లలో ఎమ్మే చదివింది. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు రిజర్వు అయినప్పుడు, అంతకుముందు ఆ కుర్చీలో కూచున్న గణపతిరావు ఆమెను నిలబెట్టాడు. ఆయన రేఖకు చినమామ, అంటే మామగారి తమ్ముడు. “నువ్వు సంతకమెట్టమ్మా సాలు, మిగతాదంతా నాను సూసుకుంటాను” అన్నాడు. సంతకం పెట్టే ముందు కాగితం చదివే అలవాటు కోడలికి ఉందని ఆయనకు గెలిచాక తెలిసింది. అయినా ఇద్దరికీ పెద్దగా పేచీ రాలేదు. ఆయనకు ఊళ్ళో పెత్తనం కావాలి, ఆమెకు పని జరగాలి.

రేఖ మొగుడు పృథ్వీరాజ్ హైదరాబాదులో ఉంటాడు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. ఊళ్ళో అందరూ అతన్ని ఎయిర్‌పోర్టు ఆఫీసరంటారు. తల్లి జగ్గమ్మ కూడా సంతలో కూరలమ్మే వాళ్ళతో సహా అందరికీ అలాగే చెబుతుంది. ఏడాదికోసారి, మహా అయితే రెండుసార్లు వస్తాడు. వచ్చిన మర్నాటి నుంచే తిరుగు టికెట్ మాట మొదలవుతుంది. తననూ తీసుకెళ్ళమని రేఖ పెళ్ళైన కొత్తలో అడిగింది. గది చిన్నది, నలుగురు మగవాళ్ళం ఉంటాం, కొన్నాళ్ళాగు అన్నాడు. ఆ కొన్నాళ్ళు గడిచి చాలా ఏళ్ళైంది. ఈలోగా ఆమె సర్పంచ్ అయింది, అత్తకు మోకాళ్ళు అరిగాయి, అతను మాత్రం అక్కడే ఉన్నాడు. రేఖ కాపురమంతా సెలవుల్లోనే జరిగింది.

బీడు సంగతి ఫోన్లో చెప్పగానే పృథ్వీరాజ్ నవ్వాడు. “మన బీడు మీద ఇమానం దిగితే నానూ అక్కడే దిగిపోతాను రేకా. ఇంకెక్కడికీ ఎల్లను” అన్నాడు.

అతను నవ్వుతూ అన్నాడు. రేఖ నవ్వకుండా విన్నది.

ఆ రోజు నుంచి ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగింది, కలెక్టరేట్ చుట్టూ తిరిగింది, ఏ సెక్షన్లో ఫైలు ఆగితే ఆ సెక్షన్ బల్ల ముందు వెళ్ళి నిలబడింది. ఇంకో మండలం వాళ్ళు కూడా అదే విమానాల బడి కోసం పోటీ పడుతున్నారని తెలిసి మరింత పట్టు బిగించింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆటపట్టించారు. “సర్పంచమ్మ ఇమానం తెస్తన్నాది ఊరికి కాదే, మొగుడికి” అన్నారు. రేఖకు కోపం రాలేదు. ఉన్నమాటకు కోపం తెచ్చుకోవడం ఆమెకు చేతకాదు.

అన్నీ అమిరాయనుకున్న సమయంలో షరతుల కాగితం వచ్చింది. రేఖ యథాప్రకారం చదివింది. కరెంటు తీగలు, చెరువులు, తాటిచెట్లు, అన్నిటికీ ఏదో ఒక దారి ఉంది. ఒక్క చోట మాత్రం ఆమె వేలు ఆగిపోయింది. చుట్టుపక్కల పెద్ద పక్షులు గుంపులుగా గూళ్ళు కట్టే చోటు ఉండకూడదని ఉంది.

ఇక్కడ తంపరవలస కొంగల గురించి చెప్పుకోవాలి. తొలకరి పడగానే అవి వస్తాయి. తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్కల అంచులు, మధ్యలో సందు ఉండే పెద్ద ముక్కు. ఊరి తూర్పున ఏడాదంతా నీళ్ళు నిలిచే తంపర పల్లంలో నత్తలు ఏరుకుని తింటాయి కాబట్టి నత్తకొంగలంటారు. ఊళ్ళోని చింతచెట్ల నిండా గూళ్ళు కడతాయి. జగ్గమ్మ పెరటి చెట్ల మీదైతే కొమ్మ కనబడదు. గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, ఆ పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరేసరికి కార్తీకం వస్తుంది.

అన్నాళ్ళూ ఆ ఊళ్ళో చప్పుడు ఉండదు. చప్పుడైతే తల్లి కొంగలు ఒక్కసారిగా లేస్తాయి, ఆ అదురుకు రెక్కలు రాని పిల్లలు కింద పడతాయి. అందుకని అమ్మవారి పండగను వేసవిలోకి మార్చుకున్నారు. పెళ్ళి ఊరేగింపు వస్తే బ్యాండు మేళాన్ని పొలిమేర దగ్గరే ఆపి, మజ్జిగిచ్చి కూచోబెడతారు. దీపావళికి కాకరపువ్వొత్తులు తప్ప ఏమీ కాల్చరు. భజనలో తాళాలు ఉండవు. బళ్ళో పిల్లవాడు పద్యం బాగా చెబితే మిగతా పిల్లలు చెయ్యెత్తి ఊపుతారు గానీ చప్పట్లు కొట్టరు. ఫొటోలు తీసేవాళ్ళు వచ్చిపడితే గోల అవుతుందని ఊరు ఈ సంగతి బయట చెప్పుకోదు. అడిగితే జగ్గమ్మ ఒక్కటే అంటుంది, పురిటికొచ్చిన ఆడపిల్లలున్న ఇంట్లో గొంతు లేపుతారా అని.

రేఖ ఆ షరతు తీసుకెళ్ళి గణపతిరావుకు చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, తీసి తుడిచి మళ్ళీ చదివాడు.

“దీనికేటమ్మా కంగారు? ఏసంగిలొచ్చి సూసీసి ఎల్లిపోతారు. అప్పటికి సెట్టు మీద ఒక్క కొంగ కూడా ఉండదు. గూళ్ళేటని అడిగితే కాకులవనీసి సెప్తాం.”

“తరవాత తెలిస్తేనో చినమావా?”

“తరవాత సంగతి తరవాత సూసుకోవొచ్చు. అప్పటికి రన్‌వే పడిపోతాది.”

అది తప్పని రేఖకు తెలుసు. తెలిసే సరేనంది. మొగుడు బీడు మీద నుంచి నడిచి ఇంటికొస్తున్నట్టు ఆమె అప్పటికే చాలాసార్లు ఊహించుకుంది, ఆ ఊహ నుంచి వెనక్కి రావడం ఆమె వల్ల కాలేదు.

కానీ సర్కారు పని వేసవిలో మొదలైతే వేసవిలో అవ్వాలని ఎక్కడా లేదు. తనిఖీకి రావాల్సిన ఇంజనీరు ఎండలకు ఒకసారి, బదిలీలకు ఒకసారి ఆగారు. తొలకరి పడింది. కొంగలు వచ్చేశాయి. గణపతిరావు ఆకాశం వంక చూసి, ఈ ఒక్క ఏడాదికి వాటిని దిగనివ్వకుండా చేద్దామన్నాడు. పలాస వెళ్ళి బస్తాడు బాణసంచా కూడా తెచ్చాడు. ఆ బస్తా రామాలయం అరుగు మీద పెట్టి, ఎవరు వెలిగిస్తారని అడిగాడు. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడికి పొలంలో పనుంది, ఇంకొకడికి అగ్గిపెట్టె లేదు.

జగ్గమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. “ఒరే గణపతీ, పురుడోసుకోడానికొచ్చిన గుంటల్ని గుమ్మంలోంచి తరిమీసి నువ్వేటి బావుకుంటావురా?”

“నాకోసమేటి వదినా? నీ కొడుకొస్తాడనే కదా.”

జగ్గమ్మ ఆ బస్తా వంక చూసింది. కొడుకంటే ఆమెకు ప్రాణం. “ఆడొస్తే నాకూ బాగుంటాది” అంది చివరికి. “అయితే కాల్సు. నువ్వే కాల్సు.”

గణపతిరావు అగ్గిపుల్ల గీశాడు. అది ఆరేదాకా పట్టుకున్నాడు, వేలు కాలాక పారేశాడు. ఆ బస్తాను తన జీడితోటలో పాకలో పెట్టించి, దాని ఊసు మళ్ళీ ఎత్తలేదు.

శ్రావణంలో కబురొచ్చింది. విశాఖపట్నం నుంచి ఇంజనీరు శ్రీలలిత వస్తున్నారు. తనిఖీ, గ్రామసభ ఒకే రోజు. అన్నీ సవ్యంగా ఉంటే బదలాయింపు ఖాయం. గణపతిరావు వెంటనే ఉపాయం ఆలోచించాడు.

“సబ బీడు మీదే ఎట్టీద్దాం. హైవే నుంచి కాలవ గట్టమ్మట తీసుకొచ్చీసి, నా జీడితోటలో బోయినం పెట్టీసి, అటునుంచటే పంపీద్దాం. కొంగలా, పొద్దున్నే తూరుపు పల్లంలోకి ఎల్లిపోతాయి. ఊళ్ళోకి ఆవిడ అడుగెట్టకుండా సూసుకుంటే సాలు.”

ఊరంతా ఆ ఉపాయానికి తలూపింది. ఊళ్ళో చాలామందికి విమానమూ కావాలి, కొంగలూ కావాలి. రెండూ ఉంటే నష్టమేమిటో వాళ్ళకు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని కూడా ఎవరికీ తొందర లేదు.

ఆ రోజు బీడు మీద షామియానా వేశారు. ఎమ్మార్వో మనుషులు మైకు తెచ్చారు. ఎవరు చెప్పారో ఏమో, సభ మొదలయ్యే వేళకు దాని వైరు ఊడిపోయి ఉంది. “పాడైపోనాది బావూ” అన్నారు కుర్రాళ్ళు. హరిచరణ్ గొంతుకు మైకు అవసరం లేదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

శ్రీలలిత యాభై ఏళ్ళ మనిషి, తలకు టోపీ, కాళ్ళకు బూట్లు. బీడంతా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నేలను మడమతో తన్ని చూసింది, కరెంటు స్తంభాలు ఎక్కడున్నాయో రాసుకుంది, వానాకాలం నీళ్ళు నిలుస్తాయా అని అడిగింది. నేల బాగుందనీ గాలి బాగుందనీ మెచ్చుకుంది. రేఖ ఆమె వెంటే నడుస్తూ అన్నిటికీ జవాబులు చెప్పింది.

“పక్షులెలా ఉంటాయండీ ఇక్కడ?” అని శ్రీలలిత నడుస్తూనే అడిగింది.

రేఖ నోరు తెరిచేలోగా గణపతిరావు అందుకున్నాడు. “అన్ని ఊళ్ళల్లో ఉన్నట్టే ఉంటాయమ్మా. కాకులు, పిసికలు.”

శ్రీలలిత రేఖ వంక చూసింది. రేఖ కింద ఉన్న గడ్డి వంక చూసింది. ఆమెకు ఆ క్షణంలో తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నోరు విప్పలేదు.

సభ మొదలైంది. హరిచరణ్ తీర్మానం చదివాడు. ఫలానా సర్వే నంబరులోని ప్రభుత్వ భూమిని పంచాయతీకి బదలాయించడానికి, పంచాయతీ దాన్ని వైమానిక శిక్షణకు కేటాయించడానికి గ్రామసభ సమ్మతిస్తున్నది. సమ్మతమైన వాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఆడా మగా అందరూ ఎత్తారు. వెనక వరసలో కునుకు తీస్తున్న ముసలాయన చెయ్యి కూడా పక్కవాడు పట్టుకుని ఎత్తాడు. హరిచరణ్ మొహం వెలిగింది.

“చాలా సంతోషం. ఇంత ఏకగ్రీవంగా ఏ ఊరూ చెయ్యలేదు. ఒక్కసారి అందరూ చప్పట్లు కొట్టండి, ముగించేద్దాం.”

ఊరు చేతులు దించుకుంది. ఒళ్ళో పెట్టుకుంది.

వినబడలేదేమో అనుకుని హరిచరణ్ ఇంకాస్త గొంతెత్తి చెప్పాడు. ఎవరూ కదల్లేదు. బీడు నుంచి చింతచెట్లు చాలా దూరం. అక్కడ చప్పట్లు కొడితే ఏ కొంగకూ వినబడదు. అది అందరికీ తెలుసు. చేతులకే తెలియలేదు. పుట్టినప్పటి నుంచి తొలకరికీ కార్తీకానికీ మధ్య ఆ చేతులు ఆ పని చేసి ఎరగవు, ఇప్పుడు ఎలా చెయ్యాలో వాటికి తోచలేదు.

హరిచరణ్ మొహంలో వెలుగు తగ్గింది. ఇంతకుముందు పనిచేసిన చోట ఆయనకు ఒక అనుభవం ఉంది. ఇలాగే చేతులెత్తిన ఊరు, మర్నాడే కోర్టుకు పోయి స్టే తెచ్చింది, పై అధికారుల చేత ఆయన చివాట్లు తిన్నాడు. “ఎవరైనా మిమ్మల్ని బలవంతం చేశారా? భయం లేదు, చెప్పండి” అన్నాడు. జనం ఇంకా మౌనంగా అయిపోయారు. ఆయన అనుమానం ఇంకా బలపడింది.

గణపతిరావు వెనక్కి తిరిగి పళ్ళ బిగువున అన్నాడు. “కొట్టండ్రా. ఇక్కడ కొడితే ఆటికేటి ఇనబడుతాది?”

ఎవరూ కొట్టకపోయేసరికి తనే లేచాడు. రెండు చేతులూ దగ్గరికి తెచ్చాడు. అవి ఆఖరి నిమిషంలో ఆగిపోయాయి. ఏం చెయ్యాలో తెలియక ఆ చేతుల్తోనే ఎమ్మార్వోకు నమస్కారం పెట్టి కూచున్నాడు.

“ఊళ్ళో అభ్యంతరం ఉన్నట్టుంది” అని హరిచరణ్ ఫైలు మూశాడు. “ఇవాళ్టికి వద్దు. ఇంకోసారి చూద్దాం.”

ఇంకోసారంటే ఏమిటో రేఖకు తెలుసు. ఫైలు పక్క మండలానికి పోతుంది. పృథ్వీరాజ్ హైదరాబాదులోనే ఉంటాడు, సెలవులకు వస్తాడు, తిరుగు టికెట్ చూసుకుంటాడు. తనకు జుట్టు నెరుస్తుంది. ఆమె ఇక ఏమీ ఆలోచించలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గట్టిగా కొట్టింది.

“ష్ష్” అన్నది ఊరు.

ఎవరూ కావాలని అన్నది కాదు. ముందు వరస నుంచి వెనక వరస దాకా అందరి నోటా ఒక్కసారే వచ్చేసింది. ఆడవాళ్ళు పెదాల మీద వేలు పెట్టుకున్నారు. తలలన్నీ తూర్పుకు, ఊరి వైపుకు తిరిగాయి. రేఖ చేతులు కూడా మధ్యలో ఆగిపోయాయి.

శ్రీలలిత ఆ తలలు తిరిగిన వైపు చూసింది. తర్వాత ముందు వరసలో కర్ర పట్టుకుని కూచున్న జగ్గమ్మను అడిగింది. “ఎవరైనా నిద్రపోతున్నారా అమ్మా?”

“నిద్ర కాదమ్మా. పిల్లలు” అంది జగ్గమ్మ. “ఇంకా రెక్కలు రానేదు. సప్పుడైతే గూట్లోంచి పడిపోతాయి.”

గణపతిరావు తల పట్టుకున్నాడు. చెప్పకూడదన్న సంగతి జగ్గమ్మ మరిచిపోయి కాదు. మాట పసివాళ్ళ గురించి, అందులో అబద్ధం చెప్పడం ఆమెకు తోచలేదు.

తర్వాత జీడితోట భోజనం దాకా ఎవరూ వెళ్ళలేదు. శ్రీలలిత కాలవ గట్టు వదిలేసి ఊరి బాట పట్టింది. ఆమె జగ్గమ్మ పెరట్లోకి వచ్చేసరికి కొంగలు పల్లం నుంచి తిరిగొస్తున్నాయి. చెట్ల కింద నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది, నత్తగుల్లలు కాళ్ళ కింద చిట్లుతున్నాయి, కంపు కొడుతోంది. పైన గూళ్ళలో పిల్లలు నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి. ఆ పెరట్లో అరిచే హక్కు వాటికే ఉంది. శ్రీలలిత టోపీ వెనక్కి తోసుకుని చాలాసేపు పైకి చూసింది. ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించి అడిగింది.

“ఎప్పట్నుంచి వస్తున్నాయి?”

“నాను కాపరానికొచ్చినప్పటికే ఉన్నాయమ్మా. మా అత్త కాపరానికొచ్చినప్పటికీ ఉన్నాయట” అంది జగ్గమ్మ.

రేఖ ముందుకొచ్చింది. “మేడమ్, తప్పు నాది. కాగితం చదివింది నేనే. దాచడానికి ఒప్పుకున్నదీ నేనే.”

శ్రీలలిత ఆమె వంక చూసింది. కోపంగా చూడలేదు. “నేను వేసవిలో వచ్చి ఉంటే ఖాళీ చెట్లు చూసి సరేనని రాసేసేదాన్ని. వచ్చే ఏడు తొలకరికి ఇవి లేచేటప్పుడు, పైన ఒక్కడే విమానం నడపడం నేర్చుకునే పిల్లాడు ఉండేవాడు. విమానం కూలడానికి ఒక్క కొంగ తగిలితే చాలు.”

రేఖ తలెత్తి గూళ్ళ వంక చూసింది. ఇన్ని నెలలుగా ఆమె ఆ విమానాన్ని కళ్ళ ముందు ఊహించుకుంటూనే ఉంది. అందులో ఎవరో ఒకరి బిడ్డ ఉంటాడన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

హరిచరణ్ తీర్మానం మీద అడ్డంగా గీత గీశాడు. “బీడు సర్కారుదిగానే ఉంటుంది లెండి” అన్నాడు. “మేపుకోండి.” కారెక్కబోతూ చింతచెట్ల వైపు ఒకసారి చెయ్యెత్తి ఊపాడు. ఆ ఊళ్ళో మెచ్చుకోలు అలాగే చెబుతారని అప్పటికి ఆయనకు ఎవరో చెప్పారు.

ఊరు రేఖను ఒక్క మాట అనలేదు. గణపతిరావు మాత్రం కాసేపు అలిగి, వండించిన భోజనం పాడవుతుందని ఊరందర్నీ జీడితోటకు పిలిచి తనే వడ్డించాడు. విస్తళ్ళ దగ్గరే కొత్త మాట పుట్టింది. “మన సర్పంచమ్మ ఇమానాన్ని సప్పట్లు కొట్టి తోలీసినాది.” రేఖ కూడా నవ్వింది. నవ్వుతూనే, ఈ మాట మొగుడికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తోంది. అన్నం సయించలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ గుమ్మంలో కూచుని ఫోన్ చేసింది.

“బావా, అయిపోనాది. ఇమానం మన ఊరికి రాదు.”

“పోన్లే” అన్నాడు పృథ్వీరాజ్. ఏం జరిగిందని అడిగాడు. చెప్పింది. ‘ష్ష్’ దగ్గరకొచ్చేసరికి పగలబడి నవ్వాడు. తర్వాత అమ్మ మోకాళ్ళ గురించి అడిగాడు, ఊడ్పులు అయ్యాయా అన్నాడు, గేదె ఈనిందా అన్నాడు, చిన్నప్పుడు కింద పడ్డ కొంగపిల్లకు తను నత్తలు ఏరి పెట్టిన సంగతి చెప్పాడు. మాటలు ఆగడం లేదు.

రేఖ వింటూ ఉండిపోయింది. వేసవి నుంచి అతను ఇంతసేపు మాట్లాడలేదు. బీడు ఊసెత్తితే చాలు, డ్యూటీ ఉందనో ఛార్జింగ్ లేదనో పెట్టేసేవాడు. పని ఎక్కువై అలా ఉన్నాడనుకుంది. అతని గొంతు ఇవాళ బరువు దించుకున్న గొంతులా ఉంది.

“ఇమానం రానందుకు నీకు బాద నేదు కదా బావా?”

పృథ్వీరాజ్ గొంతు తగ్గించాడు.

“అబద్దమాడను రేకా. నేదు.”

“ఎందుకేటి?”

“అక్కడే రన్‌వే ఏస్తే నానూ అందులోనే పన్లో సేరాల, ఊరంతా గేటు కాడ నిలబడి సూస్తాది. నాను ఆఫీసర్ని కానని తెలిసిపోతాది. నాను పెట్టెలు మోస్తాను రేకా. ఇమానంలోకి ఎక్కించడం, దించడం. మొదట్నుంచీ అదే పని. ఆఫీసరని ఎవరో అన్నారు, నాను కాదననేదు. ఏళ్ళు గడిసిపోనాక ఎలగ సెప్పను? అమ్మకి తెలిసిపోతాది. నీకు తెలిసిపోతాది.”

“నాకు తెలుసు” అంది రేఖ.

“ఎప్పట్నుంచి?”

“వొచ్చిన ప్రతిసారీ నీ సొక్కాలు ఉతికింది ఎవులనుకున్నావు? అన్నీ ఎడం బుజం కాడే అరిగుంటాయి. కుర్సీలో కూకునే ఆఫీసర్లకి బుజాలు అరుగుతాయేటి?”

“మరి సెప్పనేదేటి?”

“నీకు సిన్నతనమైపోతాదని.”

తెలియదనుకుని అతను దూరంగా ఉండిపోయాడు. తెలుసంటే నొచ్చుకుంటాడని ఆమె ఊరుకుంది. ఆ రెంటి మధ్యా ఇద్దరి వయసూ కరిగిపోయింది. పైగా అతణ్ణి రప్పించడానికి ఆమె కాళ్ళరిగేలా తిరిగి తేబోయింది ఆ విమానాన్నే. అది వచ్చి ఉంటే అతను మళ్ళీ ఊరి మొహం చూసేవాడు కాదు. రేఖకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెంటినీ దిగమింగుకుంది.

“వొచ్చీ బావా” అంది.

“వొచ్చి ఏటి సేస్తాను?”

“మోస్తావు. కళ్ళంలో దాన్యం బస్తాలు నేవేటి? అవి ఎవులో ఒకలు మొయ్యాల కదా.”

“సెలవడగాల.”

“సెలవు కాదు. మానీసి రా.”

పృథ్వీరాజ్ ఏమీ అనలేదు. ఫోనూ పెట్టలేదు. రేఖ దాన్ని చెవికి అదుముకుని అలాగే కూచుంది.

లోపల్నుంచి జగ్గమ్మ అడిగింది. “ఆడేటంటన్నాడే?”

“ఇంకా ఏటీ అననేదత్తా” అంది రేఖ.